ముప్పై కిలోమీటర్ల ముందు తిరిగిన మలుపు

ఇంటికొచ్చి వారం కూడా కాలేదు. సూట్‌కేసు ఇంకా పూర్తిగా ఖాళీ చెయ్యలేదు. ఊళ్ళ పేర్లు, మనుషుల మొహాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

జూలై 30, బుకారెస్ట్

"అక్కా, రుమేనియా వచ్చినవాళ్ళంతా డ్రాకులా కోట చూపించమంటారు. నువ్వేంటి, రిఫైనరీల ఊరికి పోతానంటావ్?" అన్నాడు మా పిన్ని కొడుకు. వాడక్కడ ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది.

నేను పుట్టి పెరిగింది విశాఖ మల్కాపురంలో. మా డాబా మీదకెక్కితే రిఫైనరీ మంట కనిపించేది. కరెంటు పోయినా మా వీధి పూర్తిగా చీకటయ్యేది కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక జనం బళ్ళు కట్టించుకుని పల్లెలకి పోయిన సంగతి మా అమ్మమ్మ చెప్పేది. 1971 యుద్ధంలో కిటికీ అద్దాలకి నల్ల కాగితం అంటించిన సంగతి నాన్న చెప్పేవారు. నూనె ఉన్నచోటికే బాంబు వస్తుందనే భయం మా ఇంట్లో మాటల్లో మాటగా ఉండేది. కింద ఉన్నవాళ్ళ కథ అలా విన్నాను. పైనుంచి వచ్చినవాళ్ళ కథ కోసం చదువుతూ పోతే ఈ రిఫైనరీల ఊరు, ప్లొయెష్ట్ దగ్గర ఆగిపోయాను.

రాత్రి భోజనానికి వాడు చోర్బ తినిపించాడు. చోర్బ అంటే పుల్లటి సూప్, మన చారుకి దూరపు చుట్టం అనుకోవచ్చు. మాకు చిక్కుడు గింజలది తెచ్చారు. పక్కన చీలికలు చేసిన ఎర్ర ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ. చెంచాడు సూప్ నోట్లో పోసుకుని మిరపకాయ ఒక కొరుకు కొరకాలి. అక్కడి పద్ధతే అదని తెలిశాక పరాయి దేశమన్న బెరుకు సగం పోయింది. గిన్నె 24 లెయి. ఒక లేయు మన డబ్బుల్లో ఇరవై రూపాయలకి కాస్త అటూ ఇటూ. పక్క బల్ల దగ్గర కూర్చుంటున్న ముసలి దంపతులు మావైపు తిరిగి "పొఫ్తా బూనా" అన్నారు. తృప్తిగా తినండి అని. ఎవరో ఏమిటో తెలియకపోయినా అనడం అక్కడి మర్యాద.

తిన్నాక బల్ల మీద మ్యాప్ పరిచాను. 1943 ఆగస్టు 1, ఆదివారం. లిబియాలోని బెంఘాజీ దగ్గర ఎడారి రన్‌వేల మీద నుంచి 178 అమెరికన్ బీ-24 బాంబర్లు లేచాయి. ఒక్కోదాంట్లో తొమ్మిది పది మంది, మొత్తం 1,700 మందికి పైగా. మధ్యధరా దాటి, బాల్కన్ కొండలు దాటి ప్లొయెష్ట్ రిఫైనరీల మీద బాంబులు వేసి తిరిగి రావాలి. రానూపోనూ 3,800 కిలోమీటర్ల పైమాటే. బాంబులు పెట్టే అరలో కూడా అదనపు పెట్రోల్ ట్యాంకులు బిగించారు. హిట్లర్ సైన్యానికి కావలసిన నూనెలో పెద్ద వాటా ఆ ఒక్క ఊరి చుట్టుపక్కల నుంచే పోయేది మరి. రాడార్ కంట పడకుండా, గురి తప్పకుండా, చెట్ల మీదుగా ఎగరమన్నారు. ఆ సాయంత్రానికి 54 విమానాలు లేవు, 310 మంది లేరు.

"మరి తిర్గోవిష్తె ఎందుకు?" అన్నాడు తమ్ముడు, నేను గీసిన గీత చూసి.

"దారి తప్పింది అక్కడే."

జూలై 31, తిర్గోవిష్తె

మినీబస్సులో నా పక్కన ముగ్గురు ఆడవాళ్ళు. గుడి కనిపించినప్పుడల్లా మాట ఆపి మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుని, మళ్ళీ ఆపిన చోటునుంచే మాట అందుకునేవారు. మన బస్సుల్లో గుడి రాగానే లెంపలేసుకుని కబుర్లలో పడిపోతామే, అచ్చం అలాగే.

ఊళ్ళో పాత రాజుల కోటలో కిందియా బురుజు ఉంది. 27 మీటర్ల ఎత్తు. వ్లాద్ త్సెపెష్ కాలం నాటిదంటారు. డ్రాకులా కథకి పేరిచ్చింది ఆయనే కాబట్టి తమ్ముడి ముచ్చట కూడా కొంత తీరినట్టే. లోపలి మెట్లు ఇరుకు. పైకెక్కి ముందు ఉత్తరం వైపు చూశాను. నీలంగా కొండలు. ఆ కొండల్లోంచి యలోమిత్సా నది మైదానంలోకి దిగుతుంది. నది పక్కన ఊరు, ఊరిని ఆనుకుని రైలు పట్టాలు, పట్టాలు ఆగ్నేయంగా మైదానంలోకి.

ఆ రోజు ప్లాన్ ప్రకారం విమానాలు పిటెష్ట్, తిర్గోవిష్తె దాటి ఫ్లొరెష్ట్ దాకా పోవాలి. అక్కడ రైలు పట్టాలు కనిపించగానే కుడికి తిరిగి, ఆ పట్టాలే పట్టుకుని ప్లొయెష్ట్ చేరాలి. ఫ్లొరెష్ట్ దగ్గర కూడా ఇదే బొమ్మ: కొండల్లోంచి దిగే ప్రహోవా నది, ఊరు, ఆగ్నేయానికి పట్టాలు. ఈ రెండు ఊళ్ళ మధ్య సుమారు ముప్పై కిలోమీటర్లు. విమానానికి ఐదారు నిమిషాలు.

అందరికంటే ముందున్న 376వ గ్రూపు తిర్గోవిష్తె దగ్గరే తిరిగిపోయింది. దాని ముందు విమానంలో గ్రూపు నాయకుడు కల్నల్ కీత్ కాంప్టన్, ఆయన పక్కన మొత్తం దాడికి పెద్ద అయిన బ్రిగేడియర్ జనరల్ యూజల్ ఎంట్ ఉన్నారు. వెనకున్న నావిగేటర్లకి వెంటనే తెలిసిపోయింది. అప్పటిదాకా నోరు విప్పకూడదన్న ఆజ్ఞ పాటించిన పైలట్లు రేడియోలో ఇది కాదు, ఇది కాదని అరిచారు. అయినా 376వ గ్రూపు, దాని వెనకున్న 93వ గ్రూపు నాయకుడి వెంటే పోయాయి. వాళ్ళు పట్టుకున్న పట్టాలు తీసుకుపోయేది బుకారెస్ట్‌కి. ఆ తర్వాత వచ్చిన 389వ గ్రూపు కూడా ఇక్కడి లోయల్లోనే ఒకటి ముందు తిరిగి, తప్పు తెలుసుకుని సర్దుకుంది.

దీని గురించి చదివినప్పుడల్లా నాకు కాంప్టన్ మీద కోపం వచ్చేది. పైగా ఎంత చిన్న తప్పు! బురుజు మీద నిలబడి, చెట్ల తలల మీద గంటకి 300 కిలోమీటర్ల పైన పోతున్నానని ఊహించుకుంటే ఆ కోపం నిలవలేదు. ఒక్క నది, ఒక్క పట్టా, కంటి ముందు రెండు మూడు క్షణాలు. అంతే.

మధ్యాహ్నం బస్టాండులో ప్లొయెష్ట్ బండి ఏదని అడిగితే ఒక కుర్రాడు చెయ్యి చూపించాడు, ఎక్కేశాను. పావుగంట పోయాక పక్కనున్న పెద్దావిడ నా చేతిలో కాగితం చూసి, తల అడ్డంగా ఊపి, "బుకురెష్ట్" అంది. నాకు గుండె ఝల్లుమంది. ఆవిడే డ్రైవర్‌ని కేకేసి ఆపించి, నాతో పాటు తలుపు దాకా వచ్చి, ఎదురుగా వచ్చే బండిని ఆపమని చేతులతో చూపించింది. దిగాను. రోడ్డుకి రెండు పక్కలా మనిషెత్తు మొక్కజొన్న, దాని వెనక తలలు వాల్చిన పొద్దుతిరుగుడు. కొండలు వెనక్కి పోయాయి. కంటికి ఆనేది ఏదీ లేదు, అంతా చదును. ఆ రోజు 376, 93 గ్రూపుల వాళ్ళు చూసిన నేల ఇదే. వెనక్కి పోయే బండి వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఎండ మండిపోతున్నా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

ఈ మైదానంలోనే 93వ గ్రూపు నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ ఆడిసన్ బేకర్‌కి ఎడమవైపు దూరంగా రిఫైనరీ గొట్టాలు కనిపించాయి. తన పక్కన మేజర్ జాన్ జెర్‌స్టాడ్. ఆయన తన వంతు దాడులన్నీ అప్పటికే పూర్తి చేశాడు. రావలసిన పని లేదు, అడిగి మరీ వచ్చాడు. బేకర్ ముందున్న నాయకుడి విమానం వెంట పోవడం మానేసి ఎడమకి తిరిగాడు. గ్రూపు మొత్తం ఆయన వెంట తిరిగింది. ఊరు ఇంకా దూరం ఉండగానే విమానానికి దెబ్బ తగిలి అంటుకుంది. కింద దిగడానికి పొలాలున్నాయి. దిగితే వెనకవాళ్ళ వరుస చెదిరిపోతుంది. మండుతూనే రిఫైనరీ దాకా నడిపించి, అది దాటాక కూలిపోయాడు. అందులో ఒక్కరూ మిగల్లేదు.

ఆగస్టు 1, ప్లొయెష్ట్

స్టేషన్ నుంచి ఊళ్ళోకి పోయే బులెవార్డ్ పొడవునా చెస్ట్‌నట్ చెట్లు. ఆగస్టు మొదట్లోనే ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. గాలి ఒక పక్కకి మళ్ళినప్పుడు సన్నగా ఆ వాసన తగిలింది. మల్కాపురం వాసన. కళ్ళు మూసుకుంటే ఏ వీధిలో ఉన్నానో చెప్పలేను.

పొద్దున నూనె మ్యూజియం చూశాను. చేత్తో తవ్విన నూనె బావుల నమూనాలు, కిరసనాయిలు దీపాలు. 1857లోనే ఇక్కడ రిఫైనరీ పెట్టారు, ఆ కిరసనాయిలుతోనే బుకారెస్ట్ వీధి దీపాలు వెలిగాయి. మధ్యాహ్నం గోపురాల బజారు దగ్గర మిచ్ తిన్నాను. కైమాలో వెల్లుల్లి, మసాలా కలిపి వేలెడు ముద్దలుగా చేసి బొగ్గుల మీద కాలుస్తారు. ఒక్కోటి ఏడు లెయి, రొట్టె, ఆవపిండి ముద్ద ఊరికే. కాల్చే ఆయన నేను అడక్కుండానే బాగా కాలినవి ఏరి నా కాగితంలో పెట్టి, "సరు మినా" అన్నాడు. నీ చేతిని ముద్దుపెట్టుకుంటున్నాను అని మాటకి అర్థం. వయసొచ్చిన ఆడవాళ్ళకి పెట్టే దణ్ణం లాంటిది.

ఆ ఆదివారం ఈ ఊరి మీద ఏం జరిగిందో ఒక వరుసలో చెప్పడం కష్టం. తిర్గోవిష్తె దగ్గర తప్పిన గ్రూపులు దక్షిణం నుంచి వచ్చాయి. దారి తప్పని 98, 44 గ్రూపులు వాయవ్యం నుంచి వచ్చాయి. వాళ్ళకి కేటాయించిన రిఫైనరీలు అప్పటికే మండుతున్నాయి. ముందువాళ్ళు వేసిన ఆలస్యంగా పేలే బాంబులు వీళ్ళ కింద పేలాయి. పొగ గొట్టాల ఎత్తుకంటే కిందుగా మంటల్లోకి దూరి బయటికొచ్చారు. జర్మన్ జనరల్ గెర్‌స్టెన్‌బర్గ్ ఊరి చుట్టూ తుపాకులు మోహరించి, బెలూన్లకి ఇనుప తాళ్ళు కట్టించి ఉంచాడు. ఆ ఒక్కరోజు పోరాటానికి అమెరికా తన అత్యున్నత పతకం ఐదుగురికి ఇచ్చింది. ముగ్గురికి చనిపోయాకే.

ఒక విమానం ఊళ్ళోని ఆడవాళ్ళ జైలు మీద పడింది. విమానంలోని వాళ్ళతో పాటు లోపలున్న ఆడవాళ్ళు ఎందరో అదే మంటలో పోయారు. ఈ సంగతి చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యంలో దాటిపోతుంది. నేను దాటలేను. తాళం వేసిన గదిలో ఉన్నవాళ్ళకి పరిగెత్తడానికి పల్లె లేదు, ఎక్కడానికి బండి లేదు. ఆ రోజంతా మా అమ్మమ్మే గుర్తొచ్చింది.

సాయంత్రం బొలొవాన్ శ్మశానానికి వెళ్ళాను. కూలిన బాంబర్లలో దొరికిన శవాల్లో గుర్తుపట్టలేనివాటిని ఇక్కడే, వీరుల భాగంలో పాతిపెట్టారు. యుద్ధం అయ్యాక అమెరికావాళ్ళు అన్నిటినీ తవ్వి తీశారు. అప్పుడు కూడా ఎనభైకి పైగా ఎవరివో తేలక, పేరు లేకుండానే బెల్జియంలోని రెండు శ్మశానాల్లో ఉంచారు. 2017లో మళ్ళీ బయటికి తీసి ఎముకలకి పరీక్షలు మొదలుపెట్టారు. 2022లో ఒక పెట్టెలో ఉన్నది ఆడిసన్ బేకర్ అని తేలింది. 79 ఏళ్ళ తర్వాత. ఆ ఏడాదే అమెరికాలోని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఆయన పేరుతో ఆయన్ని పడుకోబెట్టారు.

ఒక సమాధి దగ్గర నల్ల తలగుడ్డ కట్టుకున్న ముసలమ్మ గట్టు తుడుస్తోంది. నన్ను పిలిచి చిన్న ప్లాస్టిక్ గ్లాసు చేతిలో పెట్టింది. ఉడికించిన గోధుమలు, చక్కెర, వాల్‌నట్ పొడి, నిమ్మ తొక్క వాసన. కొలీవ అంటారట. పోయినవాళ్ళ పేరున పంచేది. నేను నేర్చుకున్న ఒక్క ముక్క "ముల్త్సుమెస్క్" అన్నాను, థాంక్స్ అని. ఆవిడ తల ఊపి కాదంది. ఫోన్‌లో అనువాదం పెట్టి చూపించాను. అప్పుడు అర్థమైంది: పోయినవాళ్ళ పేరున పెట్టినదానికి థాంక్స్ చెప్పకూడదు. "బొగ్దాప్రోస్తె" అనాలి. అంటే దేవుడు వాళ్ళని క్షమించుగాక అని. తిన్నది నేనైనా మాట చేరాల్సింది వాళ్ళకి. నేను రెండుసార్లు తప్పు పలికాను, మూడోసారి సరిగా వచ్చింది. ఆవిడ సమాధి మీది ఫొటో వైపు చెయ్యి చూపించింది. వాళ్ళాయన.

అక్కడే గట్టు మీద కూర్చుని మొత్తం తిన్నాను. పెద్దల పండక్కి మా ఇంట్లో విస్తరి వేసినప్పుడు ఉండేంత నిశ్శబ్దం.

ఆగస్టు 2, ఫ్లొరెష్ట్ మీదుగా తిమిషు దె జోస్

బ్రషోవ్ వైపు పోయే ప్యాసింజర్ ఎక్కాను. ప్లొయెష్ట్ దాటాక ఫ్లొరెష్ట్ దాకా పోయే ఈ పట్టాల మీదే ఆ రోజు జర్మన్ల ఫిరంగి రైలు ఉంది. చూడటానికి మామూలు గూడ్సు. పెట్టెల పక్క చెక్కలు కిందికి పడిపోయి లోపలినుంచి తుపాకులు లేచాయి. పట్టాలకి ఒక పక్క 98వ గ్రూపు, ఇంకో పక్క 44వ గ్రూపు, మధ్యలో అదే దిక్కున పరిగెత్తుతూ రైలు. కిటికీలోంచి చూస్తే ఇప్పుడు మొక్కజొన్న, ప్లమ్ పండ్ల తోటలు, ఒక మేకల కాపరి. దారి తప్పనివాళ్ళు కూడా చావులోకే వచ్చారన్న సంగతి ఇక్కడ బాగా తెలుస్తుంది. మలుపు సరిగా తిరిగి ఉంటే అందరూ బతికేవారని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఫ్లొరెష్ట్‌కి ఇవతల నెదేలియా అని ఊరుంది. అక్కడ రాకుమారి కేథరిన్ కరాజా ఎస్టేట్‌లో ఒక బాంబర్ దిగింది. ఆవిడ ఆ కుర్రాళ్ళని జర్మన్లకి అప్పగించనివ్వలేదు, రుమేనియన్ల ఖైదీలుగానే ఉంచింది. తర్వాత అమెరికన్లు ఆవిడని ప్లొయెష్ట్ దేవత అని పిలుచుకున్నారు. తన నేల మీద బాంబులు వేయడానికి వచ్చినవాళ్ళకి అన్నం పెట్టడం! నేనైతే పెట్టగలనో లేదో.

కొండ ఎక్కేకొద్దీ గాలి చల్లబడింది. తిమిషు దె జోస్‌లో దిగినదాన్ని నేనొక్కదాన్నే. చుట్టూ ఫర్ చెట్లు, రాళ్ళ మీద పరిగెత్తే చిన్న ఏరు. పట్టుబడిన అమెరికన్లని ఈ లోయలో ఏడాది పాటు ఖైదుంచారు. 1944 ఆగస్టు 23న రుమేనియా జర్మనీని వదిలి పక్షం మారింది. అప్పుడు జేమ్స్ గన్ అనే ఖైదీ అధికారిని రుమేనియన్ పైలట్ కాన్‌స్టాంటిన్ కాంటాకుజినో తన యుద్ధవిమానం వెనక రేడియో అరలో కూర్చోబెట్టుకుని ఇటలీకి ఎగిరాడు. ఆగస్టు 31 నుంచి నాలుగు రోజుల్లో అమెరికన్ బాంబర్లు వచ్చి వెయ్యి మందికి పైగా ఖైదీలని తీసుకుపోయాయి. ఈసారి వచ్చినవి బీ-17లు, బాంబుల బదులు మనుషుల్ని మోసుకుపోయాయి.

రాత్రి మమలీగ తిన్నాను. మొక్కజొన్న సంకటి, పైన ఉప్పటి జున్ను, పుల్లటి మీగడ. 28 లెయి. గది 170. హోటలావిడ దుప్పటి రెండోది అడక్కుండానే తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళింది.

ఆగస్టు 3, కింపినా

తిరుగు దారిలో కింపినాలో దిగాను. 389వ గ్రూపు కొట్టిన స్తేవా రోమినా రిఫైనరీ ఇక్కడిది. ప్లొయెష్ట్‌లో చాలా రిఫైనరీలు కొన్ని వారాల్లోనే మళ్ళీ లేచాయి. ఇది మాత్రం యుద్ధం ముగిసేదాకా లేవలేదు.

ఆ గ్రూపులో రెండో లెఫ్టినెంట్ లాయిడ్ హ్యూస్ ఉన్నాడు. 22 ఏళ్ళు, ఐదో దాడి. రిఫైనరీ చేరకముందే తూట్లు పడి ఎడమ రెక్క నుంచి పెట్రోల్ ధారగా కారిపోతోంది. ముందేమో మంటలు. పెట్రోల్ కారుతున్న విమానంతో మంటల్లోకి పోతే ఏమవుతుందో అందులోని ప్రతి ఒక్కరికీ తెలుసు. దిగడానికి పొలాలున్నాయి. వెళ్ళాడు, బాంబులు గురి మీద వేశాడు, రెక్క మండుతుండగా బయటికొచ్చాడు. అప్పుడు మాత్రమే నదీగర్భంలో దించబోయాడు. కుదర్లేదు. గన్నర్లు ఇద్దరే మిగిలి ఇంటికి చేరారు.

గుళ్ళోకి వెళ్ళాను. అక్కడి గుళ్ళలో కొవ్వొత్తులకి రెండు ఇసుక తొట్లు ఉంటాయి. ఒకదాని మీద బతికున్నవాళ్ళు, ఇంకోదాని మీద పోయినవాళ్ళు అని రాసి ఉంటుంది. రెండో తొట్లో రెండు కొవ్వొత్తులు గుచ్చాను. ఒకటి హ్యూస్‌కి, ఒకటి జైల్లో పోయిన ఆడవాళ్ళకి. తర్వాత ఇంకోటి కొని వచ్చి అమ్మమ్మకి వెలిగించాను.

బయట కొవ్రిజ్ కొట్టు. నువ్వులు చల్లిన గుండ్రటి రొట్టెలు, వేడివి, ఒక్కోటి నాలుగు లెయి. నాలుగు కట్టించుకుని ప్రహోవా ఒడ్డుకి నడిచాను. ఆగస్టు నీళ్ళు సన్నగా పాయలుగా పోతున్నాయి, మధ్యలో తెల్లటి గులకరాళ్ళు. ఒక పెద్దాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. దగ్గరికి వెళ్ళి పొట్లం రెండు చేతులతో ఇచ్చాను. ఆయన అందుకోకుండా నా మొహంలోకి చూసి, ఎవరి పేరున అన్నట్టు చేత్తో అడిగాడు.

"లాయిడ్," అన్నాను.

పెద్దాయన టోపీ తీసి పక్కన పెట్టాడు. "లోయిద్," అని ఆ పేరుని తన నోటికి వచ్చినట్టు ఒకసారి పలికి, మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుని పొట్లం అందుకున్నాడు.

"బొగ్దాప్రోస్తె."